మామగారి తోటలో పింగళవర్ణం

మొన్న శివరాత్రి వెళ్లిన వారానికి, మేడ్చల్ బస్టాండు దగ్గర ఒక తోపుడు బండి మీద ద్రాక్ష గుత్తులు కుప్ప పోసి ఉండగా చూసి, దిగవలసిన చోటు అది కాకపోయినా ఆటో ఆపించి దిగాను. నాకు పండ్ల మీద అంత మోజు లేదు, ఈ వయసులో ఉండకూడదు కూడా. కానీ ఆ గుత్తులకు ఒక రంగు ఉంది. ఆ రంగును చూసి చాలా ఏళ్లయింది, ఇక ఈ జన్మలో చూడనేమో అనుకున్నాను. బేరం కూడా ఆడకుండా, ఇంత బాగా పండిన కాయ ఈ రోజుల్లో ఎక్కడ దొరికిందయ్యా అని బండి అతన్ని మెచ్చుకుంటూ సంచి నింపించుకున్నాను. అతను నా ముఖంలోకి ఒకసారి, గుత్తి వైపు ఒకసారి చూసి, తూచి ఇచ్చాడు. అమ్ముకునేవాడు పొగడ్తకు మురవలేదంటే ఏదో ఉందని నాకు అక్కడే తట్టాలి, తట్టలేదు.

కొంపల్లిలో మా అబ్బాయి ఫ్లాటుకు వచ్చి, కడిగి పళ్లెంలో పెట్టి, మనవరాలిని పిలిచి, దీన్ని ఏ రంగంటారో చెప్పవే అని పరీక్ష పెట్టాను. ఏళ్ల తరబడి బడిలో తెలుగు చెప్పిన నోరు ఊరుకోదు కదా. అది ఒక కాయ నోట్లో వేసుకుని, కళ్లు రెండూ గట్టిగా మూసుకుని, "అబ్బా, పులుపు! గ్రీన్ కలర్ నానమ్మా, కనిపిస్తలేదా నీకు?" అంది. కోడలు వచ్చి చూసి, పచ్చివే అత్తమ్మా అని నెమ్మదిగా చెప్పి పళ్లెం లోపలికి తీసుకుపోయింది. మా కోడలు గట్టిగా మాట్లాడే మనిషి. ఆమె అంత నెమ్మదిగా చెప్పేసరికి నాకు నిజంగా భయం వేసింది. మర్నాడే కళ్ల డాక్టరుకు చూపించారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయట, మా వైపు వాళ్లు మోతిబిందు అంటారు, ఆపరేషన్ చేయాలన్నారు. ఆ డాక్టరమ్మ, నా దగ్గర చదువుకున్న పిల్లల పిల్లల ఈడుది, లైటు వేసి చూస్తూ చూస్తూ మాటల్లో నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న విన్నప్పటి నుంచి నాకు ఆపరేషన్ గుర్తు లేదు, మా మామగారే గుర్తుకొస్తున్నారు. ఆ ప్రశ్న ఏమిటో చెప్పాలంటే ముందు ఆ రంగు సంగతి చెప్పాలి.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, తొంభైల మొదట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్లే దారిలో ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. మనిషి ఎత్తుకు మించిన రాతి కడీలు వరుసగా పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి, ఆ తీగల మీదికి ద్రాక్షను పాకించేవాళ్లు. పందిరి కింద నడిచేవాడికి గుత్తులు నెత్తికి తగిలేవి. పుస్తకాల్లో అది ద్రాక్ష అయినా మా ఇళ్లలో అంగూరే. అందులో అనాబ్‌షాహీ అనే రకం మా మామగారి తోటలో ఉండేది. పొడుగాటి పెద్ద కాయ, పలచటి తొక్క, లోపల గింజలు. నల్ల ద్రాక్షలాగా పండగానే రంగు మారి ఊరంతా చాటింపు వేసుకునే రకం కాదు అది. పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, తరువాత తెలుపు తిరిగిన ఆకుపచ్చ, ఆపైన నెమ్మదిగా, ఎండ తగిలే వైపు నుంచి, పసుపూ ఎరుపూ కలిసిన తేనెలాంటి ఛాయ. ఆ ఛాయ రాకముందు కోస్తే పులుపు పులుపే. చెట్టు నుంచి కోసిన అంగూరు ఇంట్లో పెడితే మామిడికాయలాగా మగ్గదు.

మా మామగారికి ఆ చుట్టుపక్కల ఒక పేరు ఉండేది. ఆయన పెట్టెలో పుల్లటి కాయ ఉండదని. పట్నంలో పండ్ల మార్కెట్టుకు పెట్టెలు వెళ్తే, అందరి పెట్టెలూ విప్పి, మధ్యలో చెయ్యి పెట్టి కాయ నోట్లో వేసుకుని చూసే వ్యాపారులు, మూత మీద ఎర్రమట్టి జాజుతో గీసిన మా ఇంటి అడ్డగీత చూస్తే విప్పకుండానే పక్కన పెట్టించేవారు. ఆయనకు ఉన్న భూమి మీద కంటే, ఇంటి మీద కంటే, ఆ విప్పని పెట్టె మీద ఎక్కువ గర్వం. పెళ్లిళ్లలో కూర్చున్నా ఆ మాటే, చావు ఇంటికి పరామర్శకు వెళ్లినా చివరికి ఆ మాటే.

అంత గొప్ప తోటకు యజమాని అయిన మనిషి ఒక్క కాయ నోట్లో వేసుకునేవాడు కాదంటే మీరు నమ్మరు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయనకు షుగరు. మా అత్తమ్మ తన తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఇతరుల నోరు ఆయన నమ్మరు. చాయ్ తాగి వచ్చినోనికి పుల్లగుంటది, మిర్చి తిని వచ్చినోనికి తియ్యగుంటది, మీ నోర్లతోని నాకేం పని అనేవారు. ఆయనకు కళ్లే నాలుక. పొద్దున్నే పందిరి కిందకు పోయి, తూర్పు చివర ఉన్న కడీ దగ్గర నిలబడి, ఒక గుత్తిని ఎండకు ఎత్తి చూసేవారు. తొక్క మీద ఆ ఛాయ తిరగాలి, ఎండలో కాయ లోపలి గింజల నీడ కనపడాలి. ఈ రెండూ అయితేనే కోత. అప్పటి వరకు ఇంట్లో చంటిపిల్లలు ఏడ్చినా సరే ఒక్క గుత్తి తెంపనిచ్చేవారు కాదు.

నేను మేడ్చల్ వైపు ఒక సర్కారు బడిలో తెలుగు చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతికి ఒక పద్యం చెబుతుండగా అందులో సింహం జూలు వచ్చింది, ఆ జూలు పింగళవర్ణం అని వచ్చింది. నేను యథాప్రకారం పింగళవర్ణం అనగా పసుపు ఎరుపు కలిసిన రంగు అని బోర్డు మీద రాసి ముందుకు పోబోయాను. వెనక బెంచీ వాడు ఒకడు లేచి, "నారింజ రంగా టీచర్?" అన్నాడు. కాదన్నాను. "చాయ్ రంగా?" అన్నాడు ఇంకొకడు. అదీ కాదన్నాను. మరి ఏ రంగు అని తరగతి అంతా నా ముఖం చూస్తోంది. ఆ రోజు గంట మోగి నన్ను కాపాడింది.

ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. పింగళం అంటే కపిలం అంది. కపిలం అంటే ఏమిటని చూస్తే పిశంగం అంది. పిశంగం చూస్తే పింగళం అంది. పెద్దవాళ్లు రాసిన పుస్తకాన్ని అనకూడదు గానీ, ఆ వేళ దాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. మన పాత సాహిత్యంలో ఈ మాట ఎక్కడెక్కడ వస్తుందో గుర్తు చేసుకుంటే ఇంకా తమాషాగా ఉంది. అగ్నిజ్వాల పింగళం, సింహం జూలు పింగళం, కోతుల కళ్లు పింగళం, తపసి జడలు పింగళం, రాక్షసుల మీసాలు పింగళం. కవులు దాన్ని భయపెట్టడానికో, దండం పెట్టించడానికో తప్ప వాడరు. ఒక మామూలు మనిషికి గానీ, ఇంట్లో ఉండే వస్తువుకు గానీ ఆ రంగు అంటగట్టిన పద్యం నాకు ఒక్కటి గుర్తుకు రాలేదు. మంటను చూపించి ఇదే పింగళం అందామంటే మంటలో అన్ని రంగులూ ఉంటాయి, సింహాన్ని తెద్దామంటే ఎక్కడ తెస్తాను?

మర్నాడు పొద్దున బస్సుకు బయలుదేరుతూ పందిరి పక్క నుంచి వెళ్తుంటే, కోత అయిపోయాక ఇంటి కోసం వదిలిన ఒక గుత్తి ఎండలో కనిపించింది. బాగా ముదిరి పండి, ఎండ వైపు తేనె ఛాయ తిరిగి ఉంది. పసుపు అనడానికి లేదు, ఎరుపు అనడానికి లేదు, చాయ్ అసలే కాదు. అక్కడే నవ్వు వచ్చింది నాకు. ఆ గుత్తిని మామగారిని అడక్కుండానే తెంపి టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను. తరగతిలో కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని ఇదిగో పింగళవర్ణం అన్నాను. పిల్లలు ఓహో అన్నారు, తరువాత వచ్చి ఆ పింగళవర్ణాన్ని గింజలతో సహా తినేశారు. ఆ ఏటి నుంచి నాకు బడిలో పింగళం టీచర్ అని పేరు.

దొంగతనం దాగలేదు. సాయంత్రం మామగారు గుత్తి ఏమైందని ఇంట్లో పంచాయితీ పెట్టారు. నేను భయపడుతూనే జరిగింది చెప్పాను. ఆయన కోపం చల్లారిపోయి, మంచం మీద సర్దుకుని కూర్చుని, "గీ రంగుకు పేరుందా? ఇన్నేండ్ల సంది సూస్తున్న, నాకెవ్వలు జెప్పలే" అన్నారు. అప్పటి వరకు ఆ ఛాయను మా తోటలో రంగొచ్చింది, రంగు తిరిగింది అనే అనేవారు, ఏ రంగో ఎవరూ అనేవారు కాదు. నేను సింహం జూలు సంగతి, శివుడి జడల సంగతి చెప్పాను. శివుడి మాట వినేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రాత్రి అన్నం తింటూ రెండుమూడు సార్లు తనలో తాను అనుకున్నారు, పింగళం, పింగళం అని, నోటికి అలవాటు చేసుకునే పిల్లవాడిలా.

ఆ తరువాత మా ఇంట్లో ఆ మాటకు విశ్రాంతి లేదు. కోతకు మనుషులు వస్తే ఇంకా పింగళం రాలే, ఎల్లుండి రాండ్రి అనేవారు. పక్క తోట వాళ్లు తొందరపడి కోస్తే, పింగళం రాకముందే కోసిండు బేవకూఫ్ అనేవారు. కోత కోసే ఆడవాళ్లకు కూడా అది పట్టుబడింది. కొన్నాళ్లకు పట్నంలో వ్యాపారి ఒకడు అది కొత్త రకం అంగూరు పేరు అనుకుని, మాకు కూడా పింగళం మొక్కలు ఇప్పించమని ఇంటికి వచ్చాడు. మామగారు నవ్వలేదు. అతన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పి పంపించారు. నేను బీఈడీ చదివి చెప్పిన దాని కంటే ఆ పాఠం బాగుంది. రాక్షసుల మీసాల్లో పుట్టి పెరిగిన మాటను ఈ మనిషి తీసుకొచ్చి తియ్యదనానికి గుర్తుగా పెట్టుకున్నాడే అని నాకు ఆశ్చర్యంగానూ, నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానూ ఉండేది. నన్ను కూడా బిడ్డా అని పిలవడం మానేసి పంతులమ్మా అని పిలవడం అప్పటి నుంచే మొదలైంది.

ఇలా ఎనిమిదో తొమ్మిదో కోతలు గడిచాయి. రెండువేల సంవత్సరం వచ్చీరాని రోజుల్లో ఇంట్లో ధోతుల గొడవ మొదలైంది. మామగారివి తెల్లటి ధోతులు, ఉతికి ఆరేస్తే కళ్లు చెదిరేవి. అలాంటిది ఒక రోజు ధోతి కట్టుకోబోయి విసిరికొట్టి, "పసుపు నీళ్లల్ల ముంచి ఆరేస్తున్నవా ఏంది?" అని అత్తమ్మ మీద లేచారు. అత్తమ్మ సబ్బు మార్చింది. నీలిమందు ఎక్కువ వేసింది. అయినా అదే మాట. పాలు పసుపుగా ఉన్నాయని ఒకనాడు, గోడకు వేసిన సున్నం కల్తీదని ఒకనాడు. చివరికి అత్తమ్మకు విసుగు పుట్టి, "సబ్బులు మార్సి మార్సి సచ్చిపోతున్న. ధోతులు కాదు, పోయి నీ కండ్లు కడుక్కో" అంది. అందరం నవ్వాం. ముసలితనం చాదస్తం అనుకున్నాం. ఇంకొక సంగతి కూడా జరిగింది, అది అప్పుడు మాకు పట్టలేదు. పొద్దున్నే గుత్తిని ఎండకు ఎత్తి గింజలు చూసే అలవాటు ఆయన మానేశారు. కింద నుంచే తలెత్తి రంగు చూసి వచ్చేసేవారు.

ఆ ఏడు శివరాత్రి దాటగానే మబ్బులు పట్టాయి. మార్చి నెలలో మబ్బు అంటే అంగూరు తోటల వాళ్లకు ప్రాణం మీదికి వచ్చినట్టే, రాళ్లవాన పడితే గుత్తులు గుత్తులుగా ఉండవు. ఆదివారం పొద్దున్నే మామగారు పింగళం వచ్చేసిందని, కోత మొదలుపెట్టమని చెప్పారు. నిజానికి ఇంకా పదిహేను రోజులకు తక్కువ పట్టదని మా ఆయన అనుకుంటున్నాడు. ఆయన కుత్బుల్లాపూర్ వైపు ఒక కంపెనీలో పని చేసేవాడు, తోట వ్యవహారంలో తండ్రికి ఎదురు చెప్పే అలవాటు లేదు. మబ్బుకు భయపడి కోయిస్తున్నాడేమో, ఆయన ఇష్టం అని ఊరుకున్నాడు. కోత మనుషులు వచ్చారు, పెట్టెలు దించారు, పట్నం వెళ్లే వ్యాను వచ్చి నిలబడింది.

నేను ఇంట్లో పిల్లల తలలు దువ్వుతుంటే, కోత కోసే ఆమె ఒకతె, నాకు వరుసకు చిన్నమ్మ, పరుగున వచ్చింది. కొంగులోంచి నాలుగు కాయలు తీసి నా చేతిలో పెట్టి, "తిని సూడు బిడ్డా. గియ్యి పట్నం పోతే మీ మామ ఇజ్జత్ ఉంటదా? మేమెవ్వలం జెప్పలేం, నువ్వైతే జెప్పు" అంది. కాయ కొరికితే పళ్లు జివ్వుమన్నాయి. రంగు చూద్దును గదా, వేపకాయ పచ్చదనం. దువ్వెన అక్కడే పడేసి తోటకు పరుగెత్తాను. పంట పోతుందని కాదు, ఆ పెట్టెల మీద జాజు గీత ఉంటుంది, వాటిని విప్పకుండా తీసుకుంటారు, తీసుకుని పులుపు చూసి ఆయన పేరు మీద ఉమ్ముతారు. ఇన్నేళ్లుగా ఆయన సంపాదించుకున్నది ఆ ఒక్కటే.

నేను వెళ్లేసరికి ఆయన తూర్పు కడీ దగ్గర నిలబడి ఉన్నారు. వ్యాను డ్రైవరు, కోత మనుషులు, పక్క తోట ఆయన, మా ఆయన అందరూ ఉన్నారు. నన్ను చూడగానే ఒక గుత్తి చేతిలోకి తీసుకుని, అందరికీ వినపడేటట్టు, "సూడు పంతులమ్మా, నీ పింగళం ఈయేడు ఎంత జల్దీ వచ్చిందో!" అన్నారు. ముఖం నిండా సంతోషం. చేతిలో ఉన్నది మాత్రం పచ్చటి గుత్తి. పక్క తోట ఆయన మూతి మీద అప్పటికే నవ్వు ఉంది. ఇది పచ్చిది మామా అని అంతమందిలో ఎలా అంటాను? ఔనంటే ఆ మాటకు అర్థమే పోతుంది. ఆయన వెనకటి అలవాటు గుర్తొచ్చి, "మామా, ఎప్పటిలెక్క ఎండకు పట్టుండ్రి, గింజలు సూస్త" అన్నాను.

ఆయన గుత్తిని ఎత్తారు. అప్పుడే మబ్బు జరిగి ఎండ కొట్టింది. ఆయన చూశారు. తల ఒక పక్కకు వంచి చూశారు, గుత్తిని దగ్గరకు తెచ్చుకుని చూశారు, ఒక కన్ను మూసి చూశారు. చివరికి చెయ్యి దించి, గుత్తిని నా చేతిలో పెట్టి, మనుషుల వైపు తిరిగి, "ఆపుండ్రి. మబ్బు ఇడిసింది, ఇంకొన్ని దినాలాగుదాం" అన్నారు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. ఇంటికి నడుస్తుంటే దారిలో నా భుజం మీద చెయ్యి వేశారు. అంతకు ముందు ఎప్పుడూ అలా నడవలేదు. "గింజలు కనవడలే బిడ్డా. రంగు మాత్రం వచ్చింది, నా మీద ఒట్టు" అన్నారు. నేను ఔను మామా అన్నాను. నమ్మి అనలేదు, ఊరడించడానికి అన్నాను.

కోసిన కాయను అత్తమ్మ పారేయనివ్వలేదు. ఉప్పూ కారం వేసి, అంగూర్ తొక్కు పచ్చడి పెట్టి, ఆ వాడకట్టులో ఏ ఇంటినీ వదలకుండా పంచింది. ఆ వేసవి అంతా అందరూ అదే తిన్నారు. తొక్కు బాగుందని అందరూ అన్నారు, అంటూ నవ్వారు కూడా. కండ్లు లేని పింగళం అని ఒక మాట పుట్టించారు. ఎవడైనా చూడకుండా ఏదైనా చెప్తే, కండ్లు లేని పింగళమా ఏంది అనేవారు. మామగారు ఆ మాట విన్నప్పుడు తల దించుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది.

ఆగినందుకు నష్టం జరగకుండా పోలేదు. వారం తిరగకుండా సాయంత్రం పూట రాళ్లవాన కొట్టింది, సగం తోట నేల పాలైంది. నేను ఆపకపోతే ఆ సగం ఎంతో కొంతకు అమ్ముడుపోయేదే గదా అని నాకు తిండి సయించలేదు. మామగారు ఆ మాట ఎత్తలేదు. మిగిలిన సగం కోసం నన్ను రోజూ పొద్దున్నే కడీ దగ్గరకు తీసుకెళ్లి, తాను గట్టు మీద కూర్చుని, "నువ్వే సూడు. నువ్వు పింగళం అంటే కోస్త, లేదంటే లేదు" అనేవారు. నేను గుత్తిని ఎండకు ఎత్తి గింజలు చూసి, ఇంకా లేదు మామా అనేదాన్ని. బడికి వెళ్లే ముందు అదొక పూజ అయిపోయింది. చివరికి ఒక పొద్దున, తేనె ఛాయలోంచి గింజల నీడ కనపడగానే, వచ్చింది మామా అన్నాను. ఆయన లేచి నిలబడి కోయించారు. తక్కువ పెట్టెలే వెళ్లాయి. జాజు గీత చూసి వాటిని ఎవరూ విప్పలేదని డ్రైవరు వచ్చి చెప్పాక, ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ వేసవిలోనే కళ్లకు ఆపరేషన్లు చేయించాం. పొర వచ్చింది, తీసేశాం అన్నారు తప్ప ఆ పొరలోంచి మనిషికి ఏం కనపడుతుందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కట్టు విప్పాక ఆయన మొట్టమొదట అత్తమ్మ తల వైపు చూసి, "నీ ఎంటికలు గింత తెల్లగెప్పుడైనయే?" అన్నారు. "నువ్వు తోట సూస్తున్నప్పుడు" అంది అత్తమ్మ. ఆ రోజు నుంచి ధోతుల గొడవ లేదు, కళ్లు బాగై కోపం తగ్గింది అనుకున్నాం. మరుసటి ఏడు కోతకు మాత్రం గుత్తిని ఎండకు ఎత్తి, గింజలు లెక్కపెట్టగలిగి కూడా, ఆయన పెదవి విరిచారు. ఏదో తెల్లబోయినట్టుంది, వెనకటి పింగళమే మంచిగుండె అన్నారు. అప్పటికే బోర్లలో నీళ్లు అడుగంటుతున్నాయి, తీగలు బలం తప్పి రంగు తగ్గిందని మా ఆయన సమాధానపడ్డాడు.

తీగలు నిజంగానే బలం తప్పాయి. ఇంకా నాలుగైదు కోతల తరువాత బోర్లు పూర్తిగా ఎండాయి, చుట్టుపక్కల పందిళ్లు ఒకదాని వెనక ఒకటి పీకేశారు, మాది కూడా పీకాం. మామగారు అది చూసే పోయారు. ఆ కడీలు అలాగే ప్లాట్లకు కంచెలుగా పాతేశారు. కండ్లు లేని పింగళం అన్న మాట మాత్రం ఆయన పోయాక కూడా కొన్నాళ్లు బతికింది. ఇప్పుడు అదీ లేదు. మొన్న మా అబ్బాయి ఇంటికి రంగులు వేయించడానికి పుస్తకమంత షేడ్ కార్డు తెచ్చాడు, ఒక్క పసుపుకే పేజీలకు పేజీలు. చివరి దాకా తిప్పి చూశాను, పింగళానికి అందులో చోటు లేదు. ఇప్పుడు బడిలో పిల్లలకు ఆ పద్యం వచ్చినా, కిటికీ దగ్గర ఎత్తి చూపించడానికి పంతులమ్మకు గుత్తి ఎక్కడ దొరుకుతుంది?

ఇక డాక్టరమ్మ ప్రశ్న. తెల్లటి బట్టలు, పాలు, గోడలు కొన్నాళ్లుగా మీకు పసుపుగా కనపడుతున్నాయి కదమ్మా అని అడిగింది. లేదన్నాను. ఆమె నవ్వి, మెల్లమెల్లగా వస్తుంది కాబట్టి అందరికీ తెలియదు, ఈ పొర గోధుమ పసుపు గాజు ముక్క లాంటిది, అందులోంచి చూస్తే పచ్చివి కూడా పండినట్టే ఉంటాయి అంది. శుక్లం అని పేరు పెట్టిన వాళ్లు బయట నుంచి చూసి పెట్టారు కాబోలు, లోపల నుంచి చూసే వాడికి అది తెలుపు కాదు. నాకు ఆ కుర్చీలోనే ధోతులు గుర్తొచ్చాయి, పాలు గుర్తొచ్చాయి, వెనకటి పింగళమే మంచిగుండె అన్న మాట గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు. పాపం ఆ పిల్ల, ఆపరేషన్‌కు భయపడుతున్నాననుకుని ధైర్యం చెప్పింది.

ఆపరేషన్ వచ్చే వారం. నిన్న సాయంత్రం మా అబ్బాయిని పోరు పెట్టి శామీర్‌పేట దారిలో మా తోట ఉన్న చోటికి కారులో తీసుకెళ్లమన్నాను. అక్కడ ఏముందమ్మా చూడడానికి అన్నాడు. ఏమీ లేదు, ఎండిన గడ్డి, సగం కట్టిన గోడలు, కంచెకు పాతిన కడీలు. అన్నింటి మీదా ఆ తేనె ఛాయే తిరిగి ఉంది. మామగారు కనపడక, పరువు కోసం ఏదో ఊహించి చెప్పారని ఇన్నేళ్లూ మేమందరం అనుకున్నాం, నా మీద ఒట్టు అన్నా నమ్మలేదు. ఆయన ఊహించలేదు. పందిరి కింద నిలబడి తలెత్తినప్పుడు గుత్తి గుత్తికీ నిండుగా పింగళం కనపడింది, కనపడిందే చెప్పారు. ఆ ఏడు మా తోటంతా ఆయన ఒక్కరికే పండింది.